బొలోన్యా: అద్దె ఇళ్లలో పుట్టిన విశ్వవిద్యాలయం

'విశ్వవిద్యాలయం' అన్న మాటలో విశ్వం ఉంది, విద్య ఉంది, ఆలయం ఉంది. ఏ లాటిన్ మాటకు ఇది తెలుగు అయిందో ఆ 'యూనివెర్సితాస్'లో మాత్రం ఈ మూడూ లేవు. రోమన్ న్యాయ పరిభాషలో దానికి అర్థం సంఘం. చట్టం ముందు ఒకే మనిషిలా నిలబడగల జట్టు. కమ్మర్ల సంఘమూ యూనివెర్సితాసే, దర్జీల సంఘమూ యూనివెర్సితాసే. ఉత్తర ఇటలీలోని బొలోన్యాకు చదువు కోసం వచ్చిన పరాయి ఊళ్ల వాళ్లు 12వ శతాబ్దం చివర, 13వ శతాబ్దం మొదట్లో అలాంటి సంఘమే పెట్టుకున్నారు. చదువు సాగే ఏర్పాటుకు అప్పట్లో వేరే మాట ఉండేది, 'స్తూదియుం' అని. సంఘం పేరు చదువుకు అంటుకోవడం ఆ తర్వాత జరిగింది.

ఈ తేడా పట్టుకుంటే బొలోన్యాలో చాలా చిక్కుముడులు విడిపోతాయి. అక్కడి విశ్వవిద్యాలయాన్ని ఎవరు స్థాపించారు, ఏ ఏడాది, మొదటి భవనం ఏది అని అడిగితే సూటి జవాబు రాదు. స్థాపించిన రాజూ లేడు, శాసనమూ లేదు. మొదటి నాలుగైదు వందల ఏళ్లు సొంత భవనమే లేదు. లోగోల మీద, పుస్తకాల మీద కనిపించే 1088 అన్న సంవత్సరం ఏ పాత పత్రంలోంచీ వచ్చింది కాదు. 1888లో ఘనంగా ఎనిమిది వందల ఏళ్ల పండుగ చేయాలనుకున్నారు. కవి జొజువె కార్దుచ్చి నాయకత్వంలోని సంఘం వెనక్కి లెక్కవేసి ఆ ఏడాదిని ఖాయం చేసింది. 1080ల ప్రాంతంలో అక్కడ న్యాయశాస్త్రం చెప్పేవాళ్లు ఉన్నారన్నది నిజమే. సంవత్సరం మాత్రం ఎంచుకున్నది.

ముందుగా తెలుసుకోవాల్సింది, అంతమంది పరాయివాళ్లు ఆ ఊరికి ఎందుకొచ్చారన్నది. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన రోమన్ న్యాయ సంగ్రహం 'డైజెస్ట్' 50 భాగాల పెద్ద గ్రంథం. పశ్చిమ యూరప్‌లో అది కొన్ని శతాబ్దాల పాటు దాదాపు మరుగున పడింది. పోపుకూ చక్రవర్తికీ మధ్య అధికార తగాదా ముదిరి, వ్యాపారం పెరిగి, ఒప్పందాలకూ దావాలకూ గట్టి చట్టం కావాల్సి వచ్చిన 11వ శతాబ్దం చివర్లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. బొలోన్యాలో ఇర్నేరియుస్ అనే పండితుడు ఆ పాఠానికి పంక్తుల మధ్యా అంచుల్లోనూ వ్యాఖ్యలు రాస్తూ బోధించాడు. ఇర్నేరియుస్ పేరు 1112 నుంచి 1125 దాకా కోర్టు పత్రాల్లో కనిపిస్తుంది. 1140 ప్రాంతంలో గ్రాషియన్ ఇదే ఊళ్లో చర్చి చట్టాలను ఒక క్రమంలో పేర్చాడు. లౌకిక చట్టం, చర్చి చట్టం రెండూ ఒకే ఊళ్లో దొరికాయి. రాజుల కొలువులోనో బిషప్పుల కొలువులోనో పైకి రావాలనుకున్నవాళ్లకు బొలోన్యా తప్పనిసరి మజిలీ అయింది.

వచ్చినవాళ్లు చిన్నపిల్లలు కారు. చాలామందికి ఇరవై దాటింది, ముప్పై దాటినవాళ్లూ ఉన్నారు. చర్చి పదవుల మీద వచ్చే రాబడి కొందరికి, తండ్రుల ఆస్తి కొందరికి. పారిస్‌లో సంఘం పెట్టుకున్నది గురువులు, అక్కడి శిష్యుల్లో ఎక్కువమంది కుర్రవాళ్లు. బొలోన్యాలో సంఘం విద్యార్థులదైంది. వయసూ డబ్బూ ఉన్న విద్యార్థి గురువుకు యజమాని కాగలిగాడు.

పరాయివాడి మీద పడే అప్పు

డబ్బున్నా వాళ్లకు లేనిది పౌరసత్వం. అప్పటి ఇటలీ నగర రాజ్యాల్లో హక్కులన్నీ ఊరి పౌరులవి. ఒక జర్మన్ వర్తకుడు బొలోన్యాలో అప్పు ఎగ్గొట్టి పారిపోతే, అప్పిచ్చినవాడు ఊళ్లో ఉన్న మరో జర్మన్ సొత్తు జప్తు చేయించుకోవచ్చు. పారిపోయినవాడెవరో ఇతనికి తెలియకపోయినా సరే. అద్దె పెంచితే అడిగే దిక్కు లేదు. దెబ్బలాట జరిగితే స్థానికుడి సాక్ష్యమే చెల్లుతుంది.

1155లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోస్సా బొలోన్యా దగ్గర విడిది చేసినప్పుడు విద్యార్థులు ఈ గోడే చెప్పుకున్నారు. 'హాబితా' అని పిలిచే శాసనం అలా వచ్చింది; 1158 రోంకాలియా సభ దాన్ని స్థిరపరిచింది. చదువు కోసం తిరిగేవాళ్లకు దారిలో రక్షణ, తోటి దేశస్థుల అప్పుకు వాళ్లను పట్టుకోకూడదు, వాళ్ల మీద దావా పడితే తమ గురువు ముందో ఊరి బిషప్పు ముందో విచారణ కోరుకునే హక్కు: ఇవీ అందులోని అంశాలు. చదువుకునేవాళ్లను ఒక ప్రత్యేక వర్గంగా చూసిన తొలి శాసనాల్లో ఇది ముఖ్యమైనది.

శాసనం కాగితం మీద ఉంటుంది, అమలు చేయించుకోవడానికి జట్టు కావాలి. ముందు ఒక్కో ప్రాంతం వాళ్లు 'నాత్సియో' పేరుతో కలిశారు. 13వ శతాబ్దం నడిమికి ఆ చిన్న జట్లన్నీ రెండు పెద్ద సంఘాలుగా నిలబడ్డాయి. ఆల్ప్స్ పర్వతాలకు ఇవతల, అంటే ఇటలీ నుంచి వచ్చినవాళ్లది చిత్రామొంతాని. అవతలి నుంచి వచ్చినవాళ్లది ఉల్త్రామొంతాని. వైద్యం, తత్వం చదివేవాళ్ల సంఘం వేరు, అది తర్వాత వచ్చింది. ప్రతి సంఘానికీ విద్యార్థులే ఎన్నుకున్న రెక్టర్, అంటే సంఘం పెద్ద, ఉండేవాడు. రెక్టర్ కూడా విద్యార్థే, పెళ్లికానివాడు, కనీసం 5 ఏళ్లు న్యాయం చదివినవాడు.

ఇక్కడ ఒక విషయం తరచూ పొరబాటుగా రాస్తుంటారు. బొలోన్యాలో పుట్టిన విద్యార్థులు ఈ సంఘంలో పూర్తి సభ్యులు కారు. వాళ్లను కాపాడటానికి ఊరు ఉంది, ఊరికి విధేయులమని వాళ్లు ప్రమాణం చేసి ఉన్నారు. కాబట్టి 'బొలోన్యా విశ్వవిద్యాలయం' అంటే మొదట్లో బొలోన్యా వాళ్లు లేని సంఘం.

గురువుకు జరిమానా

1317 నాటి న్యాయ విద్యార్థుల నిబంధనలు, 1347 సవరణలతో కలిపి, మనకు దక్కాయి. ఈనాటి అధ్యాపకులెవరైనా చదివితే నిర్ఘాంతపోతారు. సాన్ పియెత్రో కెథెడ్రల్ గంట మోగగానే పాఠం మొదలుకావాలి. ఆలస్యమైతే 20 సోల్దీ, అంటే ఒక లీరా జరిమానా. ముగింపు గంట మోగాక ఒక్క నిమిషం కూడా పొడిగించకూడదు, కూర్చున్న విద్యార్థులు కూడా లేచి వెళ్లకపోతే వాళ్లకూ జరిమానా పడేది. క్లాసులో విద్యార్థులు ఐదుగురికి తగ్గితే గురువు ఆ రోజు రానట్టే లెక్క. సెలవు కావాలంటే శిష్యుల అనుమతి తీసుకోవాలి. ఊరు దాటాలంటే తిరిగొస్తానని హామీగా కొంత సొమ్ము కట్టాలి.

సిలబస్ పూర్తి చేయించే పద్ధతి ఇంకా గట్టిది. చదవాల్సిన గ్రంథాన్ని 'పుంక్తా' అనే ముక్కలుగా విడగొట్టి ఏ తేదీకి ఏ ముక్క అయిపోవాలో ముందే రాసిపెట్టేవారు. విద్యా సంవత్సరం మొదట్లో గురువు 25 లీరాలు ఒక బ్యాంకరు దగ్గర డిపాజిట్ చేసేవాడు. వెనకబడిన ప్రతి రోజుకీ రెక్టర్ చెప్పినంత అందులోంచి తగ్గిపోయేది. కష్టమైన భాగాన్ని వదిలేసి ముందుకు పోకూడదు, ఎవరైనా ప్రశ్న వేస్తే చివర్లో చెబుతానని దాటేయకూడదు. ఇవన్నీ గమనించి రహస్యంగా రెక్టర్‌కు చెప్పడానికి విద్యార్థుల్లోంచి నలుగురిని నియమించేవారు.

గురువులు ఇంత పడ్డారేమిటి? రెండు కారణాలున్నాయి. మొదటిది, వాళ్ల రాబడి శిష్యులు పోగుచేసి ఇచ్చే ఫీజే. రెండోది అసలు ఆయుధం: వలస. సొంత భవనం లేదు, సొంత లైబ్రరీ లేదు. పాఠాలు గురువుల ఇళ్లలో, అద్దె గదుల్లో, మఠాల్లో జరిగేవి. అలిగిన సంఘం పెట్టేబేడా సర్దుకుని మరో ఊరు పోవచ్చు, గురువునూ వెంట తీసుకుపోవచ్చు. 1204లో కొందరు విచెంత్సా వెళ్లారు, 1215లో అరెత్సో. 1222లో పాదువా వెళ్లినవాళ్లు అక్కడే వేళ్లూనుకున్నారు. పాదువా విశ్వవిద్యాలయం పుట్టుక అదే. 1321లో ఒక విద్యార్థికి ఊరు మరణశిక్ష అమలు చేస్తే పెద్ద గుంపు సియెనాకు తరలిపోయింది. ఒక్కో వలసతో ఇళ్లు ఖాళీ అవుతాయి, రాతగాళ్లకు పని ఉండదు, వడ్డీ వ్యాపారులకు గిరాకీ పోతుంది. అందుకే 1189 నుంచే ఊరు గురువుల చేత వేరే చోట పాఠం చెప్పబోమని ప్రమాణం చేయించుకునేది.

అయితే 'విద్యార్థుల రాజ్యం' అని ఒక్క మాటలో తేల్చేయడం కూడా తప్పే. పట్టా ఇచ్చే అధికారం ఎప్పుడూ విద్యార్థుల చేతుల్లో లేదు. పరీక్ష చేసేది డాక్టర్ల, అంటే పట్టా పొందిన గురువుల, మండలి. 1219లో పోపు మూడవ హొనోరియుస్ ఆజ్ఞతో బొలోన్యా ఆర్చ్‌డీకన్ (బిషప్పు కింది చర్చి అధికారి) అనుమతి లేకుండా ఎవరికీ బోధనాధికారం ఇవ్వకూడదన్న నియమం వచ్చింది. పరీక్ష రోజు ఉదయం ప్రార్థన తర్వాత అభ్యర్థికి గ్రంథంలోంచి రెండు భాగాలు ఇచ్చేవారు. ఇంటికి వెళ్లి సిద్ధపడి, అదే రోజు మండలి ముందు వాటిని వివరించాలి. గట్టి వడపోత ఇక్కడే. ఆ తర్వాత కెథెడ్రల్‌లో జరిగే బహిరంగ సభ చాలావరకు వేడుక: పుస్తకం, ఉంగరం, టోపీ అందుకోవడం. విందులకూ కానుకలకూ ఖర్చు ఎక్కువ కావడంతో కొందరు లోపలి పరీక్షతోనే ఆగిపోయేవారు.

విద్యార్థుల పట్టు సడలడానికి కారణం కూడా డబ్బే. 1280లో గార్సియా అనే స్పానిష్ ఆచార్యుడికి 150 లీరాల జీతం ఊరి ఖజానా భరించింది. 1289లో 150, 100 లీరాల జీతంతో రెండు శాశ్వత పీఠాలు ఏర్పడ్డాయి. 14వ శతాబ్దం గడిచేకొద్దీ జీతాల జాబితా ఊరి పెద్దలదైంది. ఎవరు పాఠం చెప్పాలో నిర్ణయించేదీ వాళ్లే అయ్యారు. విద్యార్థుల ఎన్నికలు ఆ తర్వాత కూడా సాగాయి, జీతగాడి మీద అదుపు మాత్రం జీతం ఇచ్చేవాడికి పోయింది. నిబంధనల పుస్తకంలో పాత జరిమానాలు అలాగే ఉన్నాయి కాబట్టి వాటిని మాత్రమే చదివి, విద్యార్థుల పెత్తనం శతాబ్దాలపాటు చెక్కుచెదరలేదని అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

పుస్తకం ముక్కలుగా అద్దెకు

అచ్చుయంత్రం రాకముందు ఒక పాఠ్యగ్రంథం నకలు రాయడానికి నెలలు పట్టేది. ఒకే మూలప్రతిని ఒకరు పట్టుకుపోతే మిగతావాళ్లు ఖాళీగా కూర్చోవాలి. బొలోన్యాలో, పారిస్‌లో, ఇంకొన్ని చోట్ల దీనికి కనిపెట్టిన ఉపాయం 'పేచియా'. 'స్తాత్సియోనారి' అనే పుస్తక వ్యాపారులు సరిచూసిన మూలప్రతిని కుట్టకుండా విడి మడతలుగా ఉంచేవారు. ఒక్కో మడత ఒక పేచియా. బొలోన్యా నిబంధన ప్రకారం అందులో 16 కాలమ్‌లు, కాలమ్‌కు 62 పంక్తులు, పంక్తికి 32 అక్షరాలు. గుణిస్తే 31,744 అక్షరాలు. ఈ కొలత స్థిరంగా ఉండటం వల్లే అద్దె, రాతకూలి రెండూ పేచియా లెక్కన మాట్లాడుకోవడం కుదిరింది. ఒక గ్రంథంలో నలభై మడతలుంటే నలభైమంది ఒకేసారి రాసుకోవచ్చు. విద్యార్థి గానీ, అతను కూలికి పెట్టుకున్న రాతగాడు గానీ ఒక మడత తెచ్చుకుని, రాసి, తిరిగిచ్చి, తర్వాతిది తెచ్చుకునేవాడు.

పొరబాట్లు ఎక్కడ వచ్చేవో ప్రతుల్లోనే కనిపిస్తుంది. వరుసలో తర్వాతి మడత వేరొకరి దగ్గర ఉంటే రాతగాడు ఆగడు. అంచనాగా జాగా వదిలి ఆ పైదానికి వెళ్తాడు. అంచనా తక్కువైతే చివరి పంక్తుల్లో అక్షరాలు ఇరుకిరుకుగా నలిగిపోతాయి. ఎక్కువైతే తెల్లజాగా మిగిలిపోతుంది. పేజీ అంచున చిన్నగా 'పే' గుర్తూ సంఖ్యా వేసుకునే అలవాటు ఉండేది, ఎన్నో మడత అయిందో గుర్తుకోసం. ఆ గుర్తులు చెరిగిపోకుండా మిగిలిన ప్రతులే పరిశోధకులకు ఆధారం. ఇంకో చిక్కు, మూల మడతలోనే తప్పుంటే అది నలభైమంది ప్రతుల్లోకీ పాకుతుంది. అందుకని 'పేచియారి' అనే ఆరుగురు విద్యార్థులు, రెండు సంఘాల నుంచి ముగ్గురేసి, మడతలను తనిఖీ చేసి తప్పుల మడత అద్దెకిచ్చిన వ్యాపారికి జరిమానా వేసేవారు. నాకు ఆ ఊరి వారసత్వంలో అన్నిటికంటే గొప్పదిగా తోచేది ఈ మడత. ఊరి నడుమ నిలిచిన ఎత్తైన గోపురాల మీద వచ్చినన్ని పుస్తకాలు దీని మీద రాలేదు.

అరుగు కాని అరుగు

బొలోన్యా వెళ్లినవాళ్లు ముందుగా చెప్పేది పోర్టికోల గురించి. వీధి పొడవునా ఇళ్ల ముందు కప్పున్న నడవలు, స్తంభాల వరుసలు. మొత్తం నిడివి 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వీటి మూలం అందం కోసం కాదు, చోటు కోసం. ఊరి జనం పెరిగారు, పై ఊళ్ల నుంచి విద్యార్థులు వచ్చారు. కోటగోడ లోపల స్థలం లేదు. దాంతో ఇంటివాళ్లు పై అంతస్తును దూలాల మీద వీధిలోకి ముందుకు జరిపారు. ఆ దూలాలు బరువుకు వంగడంతో కింద కర్రల ఊతం పెట్టారు. ఊతాల వరుస క్రమంగా నడవ అయింది.

మిగతా ఊళ్లు ఇలాంటి ఆక్రమణలను కూల్చాయి. బొలోన్యా నిబంధన పెట్టి నిలబెట్టింది. 1288 శాసనం ప్రకారం కొత్త ఇల్లు కడితే పోర్టికో ఉండి తీరాలి. ఎత్తు కనీసం 7 బొలోన్యా అడుగులు, అంటే 2.66 మీటర్లు, గుర్రం మీద మనిషి వంగకుండా పోగలగాలి. నేల ఇంటివాళ్లది, మరమ్మతు ఖర్చూ వాళ్లదే, నడిచే హక్కు మాత్రం అందరిదీ. మన ఊళ్లలో వీధరుగు మీద బాటసారి కూర్చుంటే లేవమనకపోవడం మర్యాద. అక్కడ దాన్ని చట్టం చేశారు. ఇంటివాడికి పైన ఒక గది ఎక్కువ వచ్చింది, ఆ గదిలోకి అద్దె ఇచ్చే విద్యార్థి వచ్చాడు.

కర్ర స్తంభాలకు మంట భయం, పుచ్చు భయం. 1568లో వాటి స్థానంలో ఇటుకో రాయో పెట్టాలని ఆజ్ఞ వచ్చింది. అయినా కొన్ని మిగిలాయి. స్త్రాదా మజ్జోరెలో కాజా ఇజొలాని ముందు దాదాపు 9 మీటర్ల ఎత్తున 13వ శతాబ్దపు ఓక్ స్తంభాలు ఇప్పటికీ బరువు మోస్తున్నాయి. కొండ మీది సాన్ లూకా గుడికి వెళ్లే 666 తోరణాల పొడవాటి పోర్టికో వేరే కథ. అది 1674లో మొదలైన భక్తుల నడక దారి, అద్దెలతో సంబంధం లేదు.

అద్దె సంగతి సంఘం ఊరి దయకు వదల్లేదు. ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు పౌరులు కలిసి ఇళ్లు చూసి అద్దె నిర్ణయించేవారు. అంతకు మించి అడిగిన ఇంట్లో విద్యార్థులెవరూ దిగకూడదని సంఘం నిషేధం పెట్టేది. స్పానిష్ విద్యార్థుల కోసం కార్డినల్ అల్బొర్నోస్ 1364 నాటి వీలునామాతో నెలకొల్పిన కొలేజియో ది స్పాన్యా ఈ రోజుకీ స్పెయిన్ పరిశోధక విద్యార్థులకు వసతి ఇస్తోంది. కొందరు గురువుల ఇళ్లలోనే ఉండేవారు. 1496లో చర్చి చట్టం చదవడానికి వచ్చి జర్మన్ నాత్సియోలో పేరు రాయించుకున్న నికొలాస్ కోపర్నికస్, ఖగోళ ఆచార్యుడు దొమేనికో మరీయా నొవారా దగ్గర ఉన్నాడు. 1497 మార్చి 9 రాత్రి చంద్రుడు రోహిణి నక్షత్రాన్ని కప్పడం ఇద్దరూ కలిసి చూశారు.

గోడల మీద పేర్లు, గోడల బయట ఆడవాళ్లు

మొదటి సొంత భవనం 1563లో గానీ రాలేదు. పోపుల పాలనలో ఉన్న ఊరు చెల్లాచెదురు తరగతులన్నిటినీ ఒక్క కప్పు కిందికి తెచ్చి ఆర్కిజిన్నాజియో కట్టింది. న్యాయం వాళ్లకు ఒక మెట్లదారి, వైద్యం-తత్వం వాళ్లకు మరొకటి. గోడల నిండా, పైకప్పు దాకా, విద్యార్థుల వంశచిహ్నాలూ ఊళ్ల పేర్లూ. దాదాపు 6,000 మిగిలాయి. ఒకే కప్పు కింద, ఒకే తాళం కింద చేరిన సంఘం ఇక అలిగి ఊరు విడిచి పోలేదు. వసతి దక్కింది, ఆయుధం పోయింది.

1637లో ఇక్కడే దేవదారు జాతి చెక్కతో శవపరిచ్ఛేద శాల కట్టారు. మధ్యలో పాలరాతి బల్ల, చుట్టూ మెట్ల వరుసలు. గురువు కుర్చీ మీది పందిరిని మోసే రెండు చెక్క బొమ్మలకు చర్మం ఉండదు, కండరాలే ఉంటాయి. శిల్పి ఎర్కొలె లెల్లి నమూనాల ప్రకారం చెక్కినవి. 1944 జనవరి 29న బాంబు దాడిలో ఆ గది కుప్పకూలింది. శిథిలాల్లో ఏరిన ముక్కలతో తిరిగి నిలబెట్టారు.

ఆ చిహ్నాల్లో ఆడవాళ్ల చదువు జాడ దాదాపు కనిపించదు. సంఘం మగవాళ్లది. లౌరా బాస్సి 1732 ఏప్రిల్‌లో పెద్దల సభ ముందు 49 ప్రతిపాదనల మీద వాదించి మేలో డాక్టరేట్ అందుకుంది. అంతకు ముందు 1678లో పాదువాలో ఎలెనా కొర్నారో పిస్కోపియాకు ఆ పట్టం దక్కింది. లౌరాకు జీతం ఇచ్చారు గానీ ఇష్టం వచ్చినప్పుడు బహిరంగంగా పాఠం చెప్పనివ్వలేదు. దాంతో ఆమె ఇంట్లోనే ప్రయోగశాల పెట్టి భౌతికశాస్త్రం నేర్పింది. 1776లో, 65వ ఏట, ప్రయోగ భౌతికశాస్త్ర పీఠం వచ్చింది. అన్నా మొరాంది మంజొలీని మైనంతో చేసిన శరీర నమూనాలు పలాత్సో పొజ్జి మ్యూజియంలో ఉన్నాయి. ఆర్కిజిన్నాజియో చూసి అటు వెళ్లకపోతే కథ సగమే చూసినట్టు.

ఈనాటి 'ఫువొరిసేదె'

వేరే ఊరి నుంచి వచ్చి చదివే విద్యార్థిని ఇటలీలో ఇప్పుడు 'ఫువొరిసేదె' అంటారు, స్వస్థలం కానివాడు అని. అద్దె గది దొరకడం బొలోన్యాలో ఇప్పటికీ పెద్ద కష్టం. 1998 అద్దె చట్టం విద్యార్థుల కోసం ప్రత్యేక ఒప్పందం పెట్టింది: గడువు 6 నుంచి 36 నెలలు. అద్దె హద్దులు ఇంటి యజమానుల సంఘాలూ కిరాయిదార్ల సంఘాలూ కూర్చుని ఖాయం చేస్తాయి. ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు పౌరులు కూర్చున్న పాత పద్ధతికి దగ్గరగా ఉండేది ఇదే. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవాళ్లు రెండు సంగతులు మరిచిపోకూడదు. ఒప్పందం 30 రోజుల్లో పన్నుల శాఖలో రిజిస్టర్ కావాలి. కాకపోతే గొడవ వచ్చినప్పుడు చేతిలో ఆధారం ఉండదు. దిగిన 8 పనిదినాల్లో పోస్టాఫీసు ద్వారా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి.

ఊరు చూడటానికి ఒక పూట ఉంటే కాజా ఇజొలాని దగ్గర మొదలుపెట్టి, రెండు గోపురాల వైపు నడవండి. 97 మీటర్ల అసినెల్లి, పక్కన ఒరిగిన 48 మీటర్ల గారిజెండా. గారిజెండా అడుగు భాగానికి తొడుగుగా ఉన్నది సెలెనైట్ అనే జిప్సం రాయి, తేమకు అది బలహీనపడుతుంది. 2023 అక్టోబరులో చుట్టూ దారి మూసి ఊతం పనులు మొదలుపెట్టారు. అక్కడి నుంచి ఆర్కిజిన్నాజియో, తర్వాత సాన్ ఫ్రాంచెస్కో చర్చి వెనక ఆచార్యుల సమాధులు. స్తంభాల మీద పిరమిడ్ కప్పు ఉన్నవాటిలో ఒకటి అక్కూర్సియుస్‌ది, డైజెస్ట్ తదితర గ్రంథాలకు దాదాపు 97 వేల వ్యాఖ్యలు కూర్చినవాడు. చివరికి మధ్యయుగ మ్యూజియం. అక్కడ 14వ శతాబ్దపు న్యాయాచార్యుడు జొవాన్ని ద లెన్యానో సమాధి ఫలకం ఉంది. గురువు సమాధి మీద చెక్కినది శిష్యులను. ముందు పుస్తకాలు తెరిచి, వరుసగా కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరి ముఖం దగ్గరా ఆగి చూడండి.